బాపు రాసుకున్న రంగులు

సందుగ మూత లేపగానే ముందు క్యూటికూరా పౌడర్ వాసన వచ్చింది. దాని వెనకే నాఫ్తలిన్ గోలీలు, ఆ తర్వాత పాత కాగితం వాసన. ఆ మూడూ కలిసి ముక్కుకు తాకేసరికి నేను అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయాను.

చిన్నమ్మ పోయి పన్నెండు రోజులు. దినాలకు అందరం గిర్మాజీపేటలో వాళ్లింట్లో చేరాం. భోజనాలైనాక చుట్టాలు ఒక్కొక్కరే బస్సులకూ రైళ్లకూ వెళ్లిపోయారు. వాకిట్లో వంటవాళ్లు బగోనెలు తోముతున్నారు. మా తమ్ముడి భార్య తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి, "బావా, అత్తమ్మ ఈ సందుగను ఎవ్వరినీ ముట్టనియ్యలేదు. మీరొస్తే మీకే ఇయ్యమన్నది" అంది.

అందులో పట్టుచీరలు రెండే రెండు. మిగతాదంతా కాగితమే. నూలు దారంతో కట్టిన సినిమా పాటల పుస్తకాలు, 'విజయచిత్ర' నుంచి చింపి దాచుకున్న పేజీలు, 'షమా' అనే ఉర్దూ సినిమా పత్రిక అట్టలు, ఒక రేడియో లైసెన్స్ పుస్తకం, రంగు వెలసిన జడ రిబ్బన్లు, ఖాళీ పౌడర్ డబ్బా. అన్నిటికంటే అడుగున ఖాకీ కవరు, దాని మీద మా బాపు స్టూడియో ముద్ర.

కవరు వెంటనే విప్పలేదు. పక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

*

మా బాపుది ఫొటో స్టూడియో. వరంగల్ చౌరస్తా నుంచి మండిబజారుకు పోయే దారిలో, ఒక బట్టల దుకాణం పైన ఉండేది. ఇరుకైన చెక్క మెట్లు. కింద మెట్ల దగ్గర అద్దాల పెట్టెలో పెద్దసైజు ఫొటోలు పెట్టేవాడు. బజారుకు వచ్చిన ఆడవాళ్లు కూరగాయల సంచి కింద పెట్టి ఆ పెట్టె ముందు ఆగేవాళ్లు. తమ వీధి పిల్ల ఫొటో అందులోకి ఎక్కిందంటే వారం రోజులు అదే ముచ్చట.

పైన మూడు గదులు. ముందు గదిలో ఒక అద్దం, దువ్వెన, పౌడర్ డబ్బా, కాటుక భరిణె. వెనక గదిలో ఎర్ర బల్బు, ఫొటోలు కడిగే హైపో మందు వాసన. ఆ వాసన బాపు చేతుల్లోంచి, అంగిలోంచి, చివరికి ఆయన కలిపి పెట్టిన అన్నం ముద్దలోంచి కూడా వచ్చేది. మధ్య గది అసలు స్టూడియో. మూడు కాళ్ల మీద చెక్క కెమెరా, దానికి తోలుతిత్తి, వెనక నల్లగుడ్డ. బాపు గుడ్డలోకి దూరి, బయటికొచ్చి, "కదలొద్దు" అని లెన్సు మూత తీసి, మనసులో లెక్కపెట్టి మళ్లీ మూసేవాడు. ఆ కొద్ది క్షణాలు గదిలో అందరం ఊపిరి బిగబట్టేవాళ్లం, ఫొటో దిగని నేను కూడా.

వెనక తెర మీద వెన్నెల తోట ఉండేది. పాలరాతి మెట్లు, పూలకుండీ, దూరంగా చెరువు, అందులో రెండు హంసలు. సినిమా టాకీసులకు బ్యానర్లు రాసే పెయింటర్ తాత ఆ తెర రాశాడు. టాకీసు వెనక ఖాళీ జాగాలో ఆయన పనిచేస్తుంటే నేను పోయి చూసేవాణ్ని. చేతిలో పోస్టుకార్డంత స్టిల్. దాని మీద పెన్సిల్‌తో గళ్లు గీసుకునేవాడు. గుడ్డ మీద కూడా అన్నే గళ్లు, కానీ ఒక్కో గడి మూరెడు. ఈ గడిలో ఉన్న కనురెప్ప ఆ గడిలోకి, ఈ గడిలో ఉన్న పెదవి మూల ఆ గడిలోకి ఎక్కేది. దగ్గర నుంచి చూస్తే గులాబీ రంగు మరకలు తప్ప ఏమీ కనిపించేవి కావు. రోడ్డు అవతలికి పోయి చూస్తే సావిత్రి నవ్వుతూ ఉండేది.

మూలన ఒక బీరువా ఉండేది. అందులో రెండు కోట్లు, మూడు టైలు, ఒక నల్లకళ్లద్దాల జత, తీగ లేని టెలిఫోను, పాడైపోయిన రేడియో, ఒక చేతిగడియారం. ఆ గడియారం నడవదు. ముళ్లు ఐదూ ఇరవై దగ్గర ఆగిపోయాయి. ఈ మధ్య ఒక పెళ్లిలో మా పాత వీధివాళ్ల ఆల్బమ్ చూశాను. ఆ ఇంటి తాత చేతికి ఐదూ ఇరవై. ఆయన తమ్ముడి చేతికీ ఐదూ ఇరవై. నేను ఆ పేజీ తిప్పలేకపోయాను.

*

జీతాల రోజు స్టూడియోకు పండగ. అజంజాహీ మిల్లు సైరన్ మోగిందంటే వరంగల్ మొత్తం గడియారం సరిచూసుకునేది. 1934లో పెట్టిన మిల్లు అది. నిజాం ఉస్మాన్ అలీఖాన్ పెద్దకొడుకు ఆజంజా పేరు మీద కట్టారు. షిఫ్టు దిగిన కార్మికులు జుట్టులో ఇంకా దూది నూగుతోనే మెట్లెక్కి వచ్చేవాళ్లు. ముందు గదిలో మొహం కడుక్కుని, తల దువ్వుకుని, పౌడర్ రాసుకుని, కోటు తొడుక్కుని వచ్చి స్టూల్ మీద కూర్చుంటే, అయిదు నిమిషాల కింద మెట్లెక్కిన మనిషి ఎక్కడికో పోయేవాడు. భుజాలు వెనక్కి పోయేవి. గదవ పైకి లేచేది.

కోటు వెనక భాగం అందరికీ సరిపోదు కదా. బాపు వెనక వైపు బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవాడు. ముందు నుంచి చూస్తే కొలిచి కుట్టించినట్టే ఉండేది. కోటు వేసుకున్న మనిషిని ఆయన ఎన్నడూ తొందరపెట్టలేదు. "ఇంకాసేపు కూసోండి, దీపం సరిచేస్త" అని ఏదో పని కల్పించుకునేవాడు. దీపం అప్పటికే సరిగ్గా ఉండేది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది.

స్టూడియో గోడ మీద రాజకుమారి నీలోఫర్ ఫొటో ఒకటి ఉండేది, ఏదో పత్రికలోంచి కత్తిరించింది. 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో నిజాం కొడుకులిద్దరికీ ఒకేసారి పెళ్లిళ్లయ్యాయి. పెద్దాయనకు దుర్రుషెహ్వార్, చిన్నాయన మొఅజ్జంజాకు నీలోఫర్. టర్కీ సుల్తానుల ఇంటి ఆడపిల్లలు మన చీర కట్టిన తీరు చూసి హైదరాబాద్ రాజ్యంలో రెండు తరాల ఆడవాళ్లు చీరకట్టు దిద్దుకున్నారని మా నాయనమ్మ చెప్పేది. నీలోఫర్ అంటే ఇప్పుడు అందరికీ పిల్లల దవాఖానే గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆ ఫొటోలో భుజం మీంచి జారిన పల్చటి కొంగు, పక్కకు తిప్పిన మెడ గుర్తొస్తాయి. పెళ్లికూతుళ్లు వస్తే బాపు ఆ ఫొటో వైపు చూపించి, "గట్ల, మెడ జర పక్కకు" అనేవాడు.

*

బాపుకు ఎవరూ నేర్పలేదు. మద్రాసు స్టూడియోల స్టిల్స్ చూసి నేర్చుకున్నాడు. టాకీసు మేనేజరు ఆట మారాక స్టిల్స్ ఇచ్చేవాడు. బాపు వాటిని భూతద్దం కింద పెట్టి, నన్ను దగ్గరికి పిలిచి, "కంట్లో చుక్క సూడు బిడ్డా. దీపం ఎక్కడున్నదో అదే చెప్తది" అనేవాడు. నిజమే. కంటిపాపలో తెల్లటి చుక్క పైన ఎడమవైపు ఉంటే దీపం ఎడమవైపు ఎత్తులో ఉన్నట్టు. రెండు చుక్కలుంటే రెండు దీపాలు. ముక్కు కింద సీతాకోకచిలుక ఆకారంలో నీడ పడితే దీపం ఎదురుగా నెత్తి మీద. ఇప్పటికీ సినిమా పోస్టరు కనపడితే నా చూపు ముందు కళ్లలోకి, ఆ చుక్క మీదికే పోతుంది.

'మాయాబజార్' 1957లో వచ్చింది. నేను పుట్టి ఏడాది రెండేళ్లయి ఉంటుంది. తర్వాత అది తిరిగి వచ్చిన ప్రతిసారీ బాపు చూశాడు, బుద్ధి తెలిసినప్పటి నుంచి నన్నూ తీసుకుపోయాడు. కథ కోసం కాదు, కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ వెన్నెల కోసం. పడవ పాట రాగానే ఆయన ముందుకు వంగేవాడు. నీళ్ల మీద మెరుపు, మొహాల మీద ఆ పాలరంగు వెలుగు. ఇంటికొచ్చి దీపాల ముందు బటర్ పేపర్లు ఒకటి, రెండు, మూడు పెట్టి చూసేవాడు. నన్ను స్టూల్ మీద కూర్చోబెట్టి మొహం మీద పడే వెలుగు పరీక్షించేవాడు. నా చిన్ననాటి నిద్రలో సగం ఆ స్టూల్ మీదే పోయుంటుంది.

*

అయితే బాపుకు అసలు పేరు తెచ్చింది రంగులు.

కలర్ ఫిల్ము మా ఊరికి ఇంకా రాలేదు. ఫొటో అంటే నలుపూ తెలుపే. రంగు కావాలంటే చేత్తో వేయాలి. కిటికీ పక్కన వాలుబల్ల ఉండేది. ముందు నెగటివ్ పని. సూదిమొనలా చెక్కిన పెన్సిల్‌తో నెగటివ్ మీద చుక్కలు, చుక్కల పక్కన చుక్కలు. అమ్మవారు పోసిన మచ్చలు అప్పట్లో చాలామంది మొహాల మీద ఉండేవి. పెళ్లిచూపులకు పంపే ఫొటో అయితే పిల్ల తండ్రి గొంతు తగ్గించి, "మచ్చలు కనపడకుంట చేస్తరా" అని అడిగేవాడు. బాపు ఆ పిల్లనే అడిగేవాడు: "అమ్మా, తీసెయ్యనా, ఉంచనా?" ఎక్కువమంది తల వంచుకునేవాళ్లు. అప్పుడు బాపు తండ్రితో, "మొత్తం తీస్తే పిలగాడు వచ్చి సూసి వెనక్కి పోతడు. సగం తీస్త. మిగిలిన సగం మీ బిడ్డె నవ్వు చూసుకుంటది" అనేవాడు.

తర్వాత ప్రింటు. మెరుపు లేని కాగితం మీద, కొంచెం గోధుమరంగు తిప్పి తీసేవాడు. దాని మీద రంగు బాగా పట్టేది. చిన్న గొట్టాల్లో నూనె రంగులు, పింగాణీ పళ్లెం, టర్పెంటైన్ సీసా. అగ్గిపుల్లకు దూది చుట్టి, వేళ్ల మధ్య గట్టిగా తిప్పి మొన చేసేవాడు. ఆ పని నాది. ఒక పూటకు యాభై పుల్లలు చుట్టేవాణ్ని. దూది వదులుగా చుడితే పోగులు రంగులో అతుక్కుంటాయి, బిగుతుగా చుడితే రంగు పీల్చదు.

ముందు చర్మం రంగు. దూదితో అద్ది, తర్వాత పొడి దూదితో తుడుస్తూ పోవాలి. ఎంత తుడిస్తే అంత సహజంగా కనపడేది. తర్వాత బుగ్గలు, వాటి మీద ఉండీ లేనట్టు గులాబీ. ఆ తర్వాత పెదవులు, దాని తర్వాత చీర. నగలు చివరికి, సన్నటి కుంచెతో పసుపు చుక్కలు. ఎండాక ఇంకో చుక్క పెట్టి దాన్ని మెరిపించేవాడు. తప్పు పడితే టర్పెంటైన్‌తో తుడిచి మొదటి నుంచి. ఒక ఫొటో ఆరడానికి రెండు రోజులు పట్టేది. ఆ రెండు రోజులు బల్ల దగ్గరికి ఈగను కూడా రానిచ్చేవాడు కాదు.

చీర రంగు ఎలా తెలుస్తుంది? కెమెరాకు తెలియదు. ఆకుపచ్చా ఎరుపూ ఫొటోలో ఒకే బూడిదరంగు. అందుకే ఫొటో తీసిన వెంటనే బాపు చెవి మీది పెన్సిల్ తీసి రాసుకునేవాడు. మొదట్లో నోటుబుక్కులో, తర్వాత ప్రింటు వెనకే. "చీర చిలకపచ్చ. అంచు మిరపపండు. జాకెట్ అదే. గాజులు పచ్చవి. పూలు కనకాంబరాలు." ఆ నోటుబుక్కు తిరగేస్తే మా వాడకట్టు ఆడవాళ్లందరి పెట్టెలూ తెరిచినట్టుండేది. వంగపండు, ఆనందం రంగు, తేనె రంగు, బచ్చలిపండు, పాలపిట్ట రంగు. ఇప్పుడు బట్టల దుకాణంలో ఇందులో సగం పేర్లు చెబితే అర్థం కావడం లేదు.

*

చిన్నమ్మ మా ఇంట్లో ఉండి టీచర్ ట్రైనింగ్ చదివింది. అమ్మకు చెల్లెలు, నాకు స్నేహితురాలు. రోజూ తెల్లచీర కట్టుకుని పోయేది, ట్రైనింగ్ వాళ్లకు అదే యూనిఫాం. తనకున్నవి అవే రెండు. ఒకటి ఉతికి ఆరేస్తే ఇంకొకటి. కానీ ఆ తెల్లచీరనే ఎంత అందంగా కట్టేదో. కుచ్చిళ్లు ఒక్కొక్కటి గోటితో నొక్కేది. నుదుటి మీద రెండు వెంట్రుకలు రింగు తిరిగేలా రాత్రి నీళ్లతో తడిపి, కాగితం ముక్క చుట్టి పడుకునేది.

ఆమెకు బుధవారం రాత్రి ఎనిమిది గంటలు పవిత్రమైన సమయం. రేడియో సిలోన్‌లో హిందీ పాటల బినాకా గీత్‌మాలా. అమీన్ సయానీ గొంతు, "బెహనో ఔర్ భాయియో!" అందరూ అన్నదమ్ములను ముందు పిలుస్తారు, ఆయన మాత్రం అక్కచెల్లెళ్లను ముందు పిలిచాడని చిన్నమ్మకు ఆయనంటే ప్రాణం. మా ఇంట్లో మర్ఫీ రేడియో. స్విచ్ వేశాక వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి. ముందు వేడి దుమ్ము వాసన, తర్వాత గుర్రుమనే చప్పుడు, తర్వాత మెల్లగా పచ్చని కన్ను విచ్చుకునేది. సన్నటి ముల్లు వెంట్రుకవాసి జరిగినా స్టేషన్ పోయేది. గది పైన ఈ గోడ నుంచి ఆ గోడకు రాగితీగల జాలీ కట్టి ఉండేది. వాన వస్తే పాట అలల్లా దగ్గరకొచ్చి దూరంగా పోయేది. సయానీ పాటల వరుసను మెట్లుగా చెప్పేవాడు. ఈ వారం ఏ పాట ఏ పాయ్‌దాన్ మీద ఉందో చిన్నమ్మ క్యాలెండర్ వెనక రాసుకునేది. 2024లో ఆయన పోయిన వార్త వచ్చిన రోజు చిన్నమ్మకు ఫోన్ చేశాను. అటు నుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత, "బుధవారమేనా ఇయ్యాల?" అని అడిగింది. బుధవారమే.

సినిమా పాటల మీద ఆలిండియా రేడియో పట్టింపు పెట్టుకోబట్టే దేశమంతా సిలోన్ వైపు తిరిగింది. 1957 అక్టోబరులో వివిధ భారతి మొదలైనాక కూడా మా ఇంట్లో సిలోన్ ముల్లు జరగలేదు. పగటిపూట తెలుగు పాటలు కూడా అందులోనే. మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు వినడానికి వంటింట్లో పనులు ఆగేవి. సముద్రం అవతల కూర్చున్న మనిషి మన పాటలను పేరుపేరునా పలుకుతుంటే అమ్మ పప్పుగుత్తి చేతిలో పట్టుకుని అలాగే నిలబడేది.

పాట చివర "రచన: సి. నారాయణరెడ్డి" అని వచ్చిందంటే బాపు ఎర్ర బల్బు గదిలోంచి కూడా బయటికి వచ్చేవాడు. "మన హనుమాజీపేటాయన!" 1962లో 'గులేబకావళి కథ'కు పాటలన్నీ ఆయనే రాశాడు. అంతకు ఏడాది ముందే మా చిన్నగూడూరు కవి దాశరథి సినిమాల్లో అడుగుపెట్టాడు. ఇక పైడి జైరాజ్ మాట వస్తే ఆపడం కష్టం. కరీంనగర్‌లో పుట్టి, మూకీల కాలంలోనే బొంబాయి వెళ్లి హిందీ సినిమా హీరో అయ్యాడు. ఆయనకు 1980 ఏడాదికి ఫాల్కే అవార్డు ఇచ్చినప్పుడు బాపు మెట్ల కింది అద్దాల పెట్టెలో పెళ్లికూతుళ్లను తీసేసి నెల రోజులు జైరాజ్ ఫొటో పెట్టాడు. మా గోదావరి ఒడ్డు నుంచి, మా బొగ్గు నేల నుంచి కూడా వెండితెర మీదికి మనుషులు పోయారని చెప్పుకోవడం ఆయనకు అంత ముఖ్యం.

*

సందుగలోని పాటల పుస్తకాల కట్ట విప్పాను. ఎనిమిది పేజీలు, పన్నెండు పేజీలు, చవక కాగితం. అట్ట మీద నీలం సిరాతో అచ్చేసిన హీరోయిన్. మొదట కథ. సరిగ్గా ఆపద వచ్చే చోట ఆగిపోయి, "మిగతా వెండితెరపై చూడండి" అని ఉంటుంది. టాకీసు గేటు దగ్గర కుర్రాళ్లు పుస్తకాల కట్ట మోచేతి మీద పెట్టుకుని అరిచేవాళ్లు. కొన్ని పేజీల పక్కన చిన్నమ్మ పెన్సిల్ గుర్తులు. ఏ చరణం దగ్గర ఏ చీరో రాసుకుంది. "గళ్ల చీర", "బుట్ట చేతులు", "మెడ వెనక ముడి".

ఆ గుర్తులన్నీ దర్జీ భాయి కోసం. మండిబజారు సందులో ఆయన మిషన్. కొత్త సినిమా వస్తే మొదటి ఆటకు ఆయన కూడా వచ్చేవాడు. తర్వాత నాలుగు రోజులు ఆడవాళ్లు వచ్చి ఫలానా పాటలో జాకెట్ అనగానే, "హా బేటీ, చూసిన, వెనక మూడు గుండీలు" అనేవాడు. కొలత టేపు మెడలో వేసుకుని, సున్నపు సుద్దతో గీత గీసి, చేతి దగ్గర కుచ్చు ఎంత పెట్టాలో వేలితో చూపించేవాడు. మద్రాసులో ఎవరో కుట్టిన జాకెట్‌ను చీకట్లో ఒక్కసారి చూసి, వరంగల్‌లో కుట్టిన ఆ కన్ను ఎంత గొప్పది!

'లవ్ ఇన్ సిమ్లా' 1960లో వచ్చాక నుదుటి మీదికి వెంట్రుకలు కత్తిరించుకోవడం మొదలైంది. సాధన కట్. హాలీవుడ్‌లో ఆడ్రీ హెప్‌బర్న్ జుట్టు చూసి ఆ సినిమా హీరోయిన్ సాధనకు అలా కత్తిరించారు. ఆడ్రీ హెప్‌బర్న్ నుంచి సాధనకు, సాధన నుంచి మా చిన్నమ్మకు. తాను కాగితం కత్తెరతో కత్తిరించుకుని, అక్క కొడుతుందేమోనని పొద్దంతా తల మీద కొంగు వేసుకుని తిరిగింది. అమ్మ చూసింది. కొట్టలేదు. "ఇటువైపు కొంచెం ఎక్కువైంది, ఆగు" అని కత్తెర తీసుకుంది.

స్నోలు, పౌడర్లు, సబ్బుల సంగతి రాస్తే ఇంకో పుస్తకమవుతుంది. 1919 నుంచీ ఉన్న అఫ్గాన్ స్నో, 1952లో మొదలైన లాక్మే, 1941లో లీలా చిట్నిస్‌తో మొదలుపెట్టి తారలందరి మొహాలతో వచ్చిన లక్స్ సబ్బు. సబ్బు అరిగి చివరికి పల్చటి రేకు అయ్యాక చిన్నమ్మ దాన్ని కొత్త సబ్బుకు అతికించేది. సబ్బు కాగితం మాత్రం చీరల మడతల్లో పెట్టేది. పండగనాడు ఆ చీర విప్పితే గదంతా వాసన.

*

'లవకుశ' 1963లో వచ్చింది. తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా. పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. టాకీసు చుట్టూ ఎద్దులు, గడ్డి, సద్దిమూటలు. తెర మీద అంజలీదేవి కాషాయం చీర కాషాయంగానే కనిపించింది. పక్కన కూర్చున్న ముసలమ్మ రెండు చేతులూ జోడించింది. నేను బాపు వైపు చూశాను. ఆయన కళ్లార్పకుండా చూస్తున్నాడు. బయటికొచ్చాక, "మంచిగున్నది" అన్నాడు. కొంచెం దూరం నడిచాక, "ఎవ్వరూ రాసుకోవాల్సిన పని లేదిగ" అన్నాడు.

మా స్టూడియో దాకా ఆ రంగు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. వచ్చాక మాత్రం ఆగలేదు. కలర్ రోల్ హైదరాబాద్ ల్యాబుకు పంపడం, వారానికి కవరు రావడం. చీర ఏ రంగో ల్యాబువాళ్లకు ఫిల్మే చెప్పేది. నూనె రంగుల గొట్టాలు ఒక్కొక్కటే గట్టిపడ్డాయి. వాలుబల్ల మీద బిల్లుబుక్కులు చేరాయి. 1981 డిసెంబరులో సావిత్రి పోయిన రోజు బాపు స్టూడియో తెరిచాడు గానీ ఫొటోలు తీయలేదు. ఎప్పటిదో పాత స్టిల్ బయటికి తీసి, గట్టిపడ్డ గొట్టాలను వేడినీళ్లలో పెట్టి మెత్తబరిచి, సాయంత్రం దాకా కూర్చుని ఆమెకు రంగులు వేశాడు. అదే ఆయన చివరిసారి వేసిన రంగు. ఆ బొమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంది. పెదవుల మీద రంగు చాలా తక్కువ. అక్కడ ఆయన ఎంతసేపు తుడిచాడో చూస్తే తెలుస్తుంది.

2010లో 'మాయాబజార్' రంగుల్లోకి మార్చి విడుదల చేశారు, హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ వాళ్లు చేశారా పని. అప్పటికి బాపు లేడు. నేను చిన్నమ్మను తీసుకుని హనుమకొండలో చూశాను. శశిరేఖ పట్టు జాకెట్ మీద, చేతికడియం మీద, పడవ కింది నీళ్ల మీద రంగులు. చుట్టూ పిల్లలు ఈలలు వేస్తున్నారు. చిన్నమ్మ నా చెవి దగ్గరికి వంగి, "ఆ చీరెల రంగులు వీళ్లకు ఎవరు రాసిచ్చిండ్రు రా?" అంది. నేనూ అప్పుడు అదే ఆలోచిస్తున్నాను. పాట అయ్యాక మళ్లీ, "మీ బాపైతే బుగ్గల మీద ఇంత పెట్టకపోతుండె" అంది. తర్వాత సినిమా అయ్యేదాకా నా చెయ్యి వదల్లేదు.

*

ఖాకీ కవరు విప్పేటప్పుడు మా మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది. చిన్నమ్మ ఫొటో, పద్దెనిమిది పంతొమ్మిదేళ్లప్పటిది. వెనక పాలరాతి మెట్లు, హంసలు. మెడ జర పక్కకు, నీలోఫర్ లాగ. కంట్లో పైన ఎడమవైపు ఒకే ఒక్క తెల్లచుక్క. నుదుటి మీద సాధన కట్. ఇన్నేళ్లయినా రంగు చెక్కుచెదరలేదు. ఒంటి మీద నెమలికంఠం రంగు చీర, బంగారు అంచు, కుచ్చిళ్ల దగ్గర నీలం కొంచెం ముదిరి, భుజం దగ్గర వెలుగు పడ్డచోట ఆకుపచ్చలోకి తిరిగింది.

"ఇంత మంచి చీర! సందుగలో ఉందా తాతా?" అని మనవరాలు మడతలన్నీ వెతికింది. లేదు. మా తమ్ముడి భార్యను పిలిచి అడిగింది. ఆమె కూడా ఎన్నడూ చూడలేదంది.

నేను ఫొటో వెనక్కి తిప్పాను. బాపు పెన్సిల్ రాత.

"చీర తెలుపు. నెమలికంఠం వెయ్యమన్నది. అంచు బంగారం. జడల పూలు లేవు. పెట్టాలె."

మనవరాలు ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వెలుతురులో అటూ ఇటూ వంచి పూల కోసం చూసింది. చెవి వెనక ఉన్నాయి. మూడు కనకాంబరాలు, ఒక్కొక్కటి అగ్గిపుల్ల మొనంత.